వినికిడి పోయిన సాక్షితో విజయనగరానికి

కలకత్తాలో మా ఆఫీసుకు ఒక పెద్ద కంప్యూటర్ ఉంది. హాలంతా ఆక్రమించిన ఆ యంత్రాన్ని ఒక విదేశీ కంపెనీ అద్దెకిచ్చింది. అలాంటివే తెచ్చుకున్న కలకత్తా, మద్రాసు ఆఫీసుల వాళ్ళం ఒక సంఘంగా ఏర్పడి, ఏడాదికోసారి కలిసి, వాటిలో ఏ లోపాలున్నాయో, ఏం మార్చాలో కంపెనీ ప్రతినిధికి చెబుతుంటాం. విడివిడిగా చెబితే పట్టించుకోరు. రెండు ఊళ్ళకీ రైలు దారిలో సగంలో ఉంటుందని ఈసారి విజయనగరంలో కూడాలనుకున్నాం.

మా ముఖ్యమైన ఫిర్యాదు, ఆ కంప్యూటర్ లెక్కలు అచ్చువేసే ప్రింటర్ చప్పుడు గురించి. ఏళ్ళ తరబడి దాని పక్కన పనిచేసిన నా మిత్రుడు సామ్యేలుకు వినికిడి పోయింది. ఆఫీసు అతన్ని ఇంటికి పంపేసింది. అతనికేదో జబ్బు ఉండి ఉంటుందని, ఇలాంటి ఫిర్యాదు ఇంకెవరూ చేయలేదని కంపెనీ జవాబిచ్చింది. అందుకని అతన్నే తీసుకొచ్చి కూర్చోబెట్టాలనుకున్నాం. ఆ పని నా మీద పడింది.

సామ్యేలుది కళింగపట్నం. హౌరాలో సాయంత్రం మద్రాసు మెయిలు ఎక్కి మర్నాడు శ్రీకాకుళం రోడ్డులో దిగాను. ఆ స్టేషను ఉన్నది ఆమదాలవలసలో. అక్కడినుంచి శ్రీకాకుళానికి ఒక బస్సు, అక్కణ్ణుంచి సముద్రం వైపు మరో బస్సు. రెండింటికీ కలిపి రెండు రూపాయలు కూడా కాలేదు. మబ్బు పట్టి ఉంది. ఎవరింటికని కండక్టర్ అడిగితే చెప్పాను.

"ఆ సెవిటి బాబింటికా? ఒడ్డుకెల్లే దారిలోనే ఇల్లు. మంచి గొంతు బాబూ, పాపం. సెలవులకొస్తే సర్చిలో పాడేవోడు. ఇప్పుడు సర్చికే రాడు."

సామ్యేలు భార్య రూతమ్మ గుమ్మంలోనే నాకు చెప్పింది. "ఎదురుగా కూకుని మెల్లగా సెప్పండి. పెదాలు సూసి పోల్చుకుంటాడు."

వచ్చిన పని చెప్పాను. సామ్యేలు భార్య వైపు చూశాడు. రూతమ్మే అడిగింది.

"ఈయనొచ్చి సెప్తే సెవులొస్తాయా?"

"రావమ్మా."

"మరేటొస్తాది?"

"యంత్రం మారుస్తారేమో. ఇప్పుడక్కడ పనిచేసేవాళ్ళకైనా మంచిది."

ఆమె అన్నం, చేపల పులుసు వడ్డించింది. సామ్యేలు సగం తిని చెయ్యి ఆపాడు.

"ఒరే, నా పనిలో ఇప్పుడెవడున్నాడు?" అతని గొంతు వీధి దాకా వినిపించి ఉంటుంది.

"కొత్తగా చేరాడు. బెంగాలీ."

"అయితే ఎల్దాం."

కొండల వైపు గొడవలు జరుగుతున్నాయని శ్రీకాకుళం బస్టాండులో పోలీసులు సోదాలు చేస్తున్నారు. ఒక కానిస్టేబుల్ వెనకనుంచి "సంచిలో ఏటుంది?" అన్నాడు. సామ్యేలు నడిచిపోతూనే ఉన్నాడు. లాఠీ భుజం మీద పడింది. బెదిరి వెనక్కి తిరిగి గట్టిగా అరిచాడు. తిరగబడుతున్నాడనుకుని కానిస్టేబుల్ అతని కాలరు పట్టుకున్నాడు. నేను మధ్యలోకి దూరి, ఇతనికి వినపడదని చెప్పాల్సివచ్చింది. "ముందే సెప్పొద్దా?" అని అతను వదిలేసి వెళ్ళిపోయాడు. విజయనగరం చేరేదాకా సామ్యేలు కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు.

మర్నాడు ట్రావెలర్స్ బంగళాలో సమావేశం. కంపెనీ ప్రతినిధి మర్యాదస్తుడు. విడిభాగాలు విదేశం నుంచి రావడానికి నెలలు పడుతోందంటే ఓపిగ్గా విన్నాడు. తర్వాత సామ్యేలు లేచాడు. మొదట రాత్రిళ్ళు చెవుల్లో హోరు మొదలైందని, తర్వాత భార్య మాటలు అందలేదని, ఒక ఆదివారం చర్చిలో హార్మోనియం కూడా వినపడలేదని చెప్పాడు. తన గొంతు తనకు తెలియదు గనక మాటలన్నీ కేకల్లా వచ్చాయి. ప్రతినిధి అనుకోకుండానే మొహం పక్కకు తిప్పి, చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

అందరం చూశాం. సామ్యేలూ చూసి ఆగిపోయాడు.

"నేను రోజంతా ఆ ప్రింటర్ పక్కనే నిలబడేవాణ్ణి సార్," అని కూర్చున్నాడు.

ప్రతినిధి చెయ్యి దించి, ప్రింటర్‌కు చప్పుడు బయటికి రాని మూత చేయమని కంపెనీకి రాస్తానన్నాడు. ఇతని సంగతేమిటని అడిగాను. అది మీ ఆఫీసు చూసుకోవాలన్నాడు. రెండు మాటలూ సామ్యేలుకు ఎదురుగా కూర్చుని చెప్పాను.

"మూతొస్తాది కదా. రూతుకి నువ్వే సెప్పు. నేను సెప్తే నమ్మదు."

మర్నాడు అతన్ని ఇంటికి దిగబెట్టి, మూత సంగతి చెప్పాను. ఎప్పుడొస్తుందని రూతమ్మ అడిగింది. తెలియదన్నాను.

కలకత్తాలో ఆ ప్రింటర్ ఇంకా అలాగే మోగుతోంది. మా సంఘం అడిగినదానికి కంపెనీ ఒప్పుకోవడం అదే మొదటిసారి అని అందరూ సంతోషిస్తున్నారు. నేనూ అందరితో చేతులు కలిపాను గానీ, ఆ గదిలోకి వెళ్ళినప్పుడల్లా కాసేపు కూడా నిలవలేక బయటికి వచ్చేస్తున్నాను. కొత్తతనికి చెవుల్లో దూది పెట్టుకోమని చెప్పాను. దూదితో ఆగే చప్పుడు కాదది.

కళింగపట్నం వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. తిరుగు బస్సులు తక్కువ, ఆఖరిది చీకటి పడకముందే కదులుతుంది. డ్రైవర్ ఒక్కసారి హారన్ కొట్టి వెళ్ళిపోతాడు, ఎవరికోసమూ ఆగడు. మీ వెంట వినపడని మనిషి ఉంటే, ముందే తీసుకెళ్ళి బస్సులో కూర్చోబెట్టండి.