సూదక్క చెప్పిన రివర్స్ గేరు

నాకు తెలివి తక్కువ, హారన్ ఎక్కువ ఉన్న రోజులవి. ఏడో తరగతిల నేను బడి ఇడిచిపెడితే నాకన్న మా సారే ఎక్కువ సంబురపడ్డడు. మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాక షేర్ ఆటో నడుపుకుంట, ఎక్కినోళ్లనల్లా ఏదో ఒకటని నవ్విచ్చుడే పెద్ద చదువనుకునేటోన్ని. నాకు ఎదురు మాట తగిలిచ్చింది ఒక్క సూదక్కనే. ఊర్లు తిరిగి టీకాలేసే నర్సమ్మ, నాకు మంచి దోస్తు. (అసలు పేరు వేరే ఉండె. ఆమెను చూసి ఉరికే పిల్లలు పెట్టిన పేరిది.) వాగు పొంగి దారి మునిగినా ఆగుడు తెల్వదామెకు. ఒకసారి జేసీబీ బకెట్‌ల నిలవడి, టీకాల డబ్బా నెత్తిమీద పెట్టుకొని అవతలికి పోయింది. "భయం కాలేదా అక్కా?" అంటే, "అయింది తమ్మీ, గని నీ ఆటోల కూసున్నంత కాలే" అన్నది.

ఒక శుక్రవారం పొద్దుగాల సురంగల్‌ల నా ఆటో ఆపింది. పుట్టింటికి కాన్పుకొచ్చిన పిల్ల, నెలలు నిండినయి, మొకం ఉబ్బింది, కండ్లు మసకలంటున్నది. "బీపీ బాగ ఎక్కింది. ఫిట్స్ వచ్చెనంటే తల్లీ దక్కది, బిడ్డా దక్కది. జల్ది చేవెళ్ల పోవాలె" అని సూదక్క నా చెవుల చెప్పింది. అయితే గడపకు అడ్డంగ పిల్ల నాయనమ్మ కూసున్నది. "చేవెళ్ల పడమటి దిక్కు, శుక్రారం ఆ దిక్కు పోతె శూల తగిలి కీడైతది. నేను పోనియ్య. రేపు తీస్కపోండ్రి." పిల్ల తండ్రి తల్లిని ఎదిరియ్యలేక గోడకు ఆనుకున్నడు. నేను ఊకుంటనా? "అవ్వా, శూల ఇయ్యాల సెలవు పెట్టిందట" అన్న. అవ్వ చేతికర్ర లేపింది. సూదక్క చూసిన చూపుకైతే నా అడుగు దానంతట అదే ఎనకకు పడ్డది.

ఆమె పోయి అవ్వ ముంగట మట్టిల కూసోని, చెయ్యి పట్టుకున్నది. "ఇంతకు ముంగట ఎవలికన్న శూల తగిలిందా అవ్వా?" అవ్వ కర్ర కింద పెట్టింది. "నా పెద్దబిడ్డ. గిట్లనే కాన్పుకని శుక్రారం ఎల్లింది. మళ్ల ఇంటికి రాలే." నవ్వడానికి తయారైన నా మొకాన్ని ఏడ దాచుకోవాల్నో తెల్వలే. సూదక్క మెల్లగ అడిగింది: "మొకం పడమటికి పెట్టి పోతెనే కదా శూల తగిలేది?"

"అంతే బిడ్డా. పొలిమేర దాటితే ఇగ ఫికర్ లేదు."

"అయితే నీ మనుమరాలు తూర్పు మొకం పెట్టుకొనే పోతది." నా దిక్కు తిరిగింది. "తమ్మీ, ఆటో తూర్పుకు తిప్పి, పొలిమేర దాక రివర్స్‌ల పోనియ్యి."

నేను నవ్విన. ఆమె నవ్వలే. అవ్వ లేచి గడప ఇడిచింది.

పిల్ల, అవ్వ లోపల. నేను మెడ ఎనకకు తిప్పుకొని హ్యాండిల్ మీద. సూదక్క ఎనక బంపర్ మీద నిలవడి, ఒక చేత్తో రాడ్డు పట్టుకొని, ఇంకో చెయ్యి ఊపుకుంట, "కుడికి కొట్టు! ఆగు, బర్రె! ఇగ రా, రా!" అని ఊరంత ఇనవడేటట్టు ఒర్లుతున్నది. పూలబండోడు "ఏమైందన్నా, ముందుకు పోతలేదా?" అన్నడు. "తూర్పుకు పోతున్నమే!" అని అరిచిన. మేం పోయేది పడమటికి. ఆయన బండి దిగి మరీ చూసిండు. లోపల నొప్పి పడుతున్న పిల్ల గూడ ఫక్కున నవ్వింది. పొలిమేర దాటిందో లేదో, అవ్వనే నా భుజం మీద చరిచింది: "ఇగ తిప్పురా! ఉరికియ్యి!"

దవాఖాన చేరిందాక సూదక్క ఆ పిల్ల చెయ్యి ఇడువలే. పొద్దు వంగేసరికి బిడ్డ పుట్టింది, ఇద్దరూ మంచిగున్నరు. బయట చాయ్ తాగుకుంట అడిగిన, "నువ్వు శూలను నమ్ముతవా అక్కా?" అని. "నేను నమ్మ. గని ఆ ముసలామె బిడ్డ పోయింది నిజమే కదా" అన్నది. గిలాసల చాయ్ చల్లారినా ఆమె ఒక్క గుక్క గూడ తాగలేదని అప్పుడు చూసిన. పొద్దటి నుంచి ఎంత భయాన్ని ఒక్కతే మోసిందో!

పోయినేడు సూదక్క కాలం చేసింది. దినాల నాడు ఈ ముచ్చట నేనే చెప్పిన. ఏడ్చేటోళ్లందరు నవ్విండ్రు. నా ముచ్చటకు నేను నవ్వకుండ ఉండుడు అదే మొదలు. ఇంటికొచ్చి ఒక్కన్నే కూసున్నంక నాకు నవ్వొచ్చింది, ఆ కాలపు ఆటో పోరన్ని తలుసుకొని. పాపం, ఆ పొద్దు బండి నడిపింది తనే అనుకున్నడు.