సముద్రం రాని సినిమా

మొన్న ఆదివారం మ్యాట్నీలో హాలు మొత్తానికి రెండు సినిమాలు చూపించారంటే నమ్ముతారా? ఒకటి తెర మీద, రెండోది నా నోటి మీద! నవ్వకండి. దాని మూలంగా నా పెళ్లి ఉందో లేదో నాకే తెలీకుండా పోయింది. ఇదిగో, ఈ అప్పన్న ఏమీ ఎరగనట్టు టీలో బన్ను ముంచుకుని తింటున్నాడే, అందులో సగం పాపం వీడిది.

మొదట్నించీ చెప్తాను. కోటబొమ్మాళిలో మా మేనమామ ఉన్నాడు కదా, ఆయన కూతురు సరోజ. ఎస్సెల్సీ ఫస్టుక్లాసు. అది పుట్టినప్పట్నించీ నాకేనని మా అమ్మ అనుకుంటోంది. నేనూ అనుకుంటున్నాను, అమ్మకంటే గట్టిగానే. కానీ మూడేళ్ల బీయే నేను విజయనగరంలో ఐదేళ్లు చదివాను చూడండి, అక్కడ పడింది మావకి అనుమానం. "ఒరే సత్యం, ఐదేళ్లూ కాలేజీకెళ్లినావా, సినిమా హాలుకెళ్లినావా?" అని నలుగురిలో అడిగేశాడు. రెంటికీ వెళ్లానని చెప్పడానికి నోరు రాలేదు.

ఇంతలో మన నరసన్నపేట హాలుకి ఇంగ్లీషు బొమ్మ వస్తోందని పోస్టరు పడింది. ఎవడో వీరుడు, చేతిలో కత్తి, వెనకాల ఓడ, దాని వెనకాల ఇంత ఎత్తు కెరటం. ఆ సంగతి ఎలా తెలిసిందో ఏమో, సంతరోజు మావ స్వయంగా మా ఇంటికొచ్చాడు.

"ఆదివారం మేవంతా వస్తన్నాం. అమ్మమ్మ కూడా వస్తాది. నువ్వు పక్కన కూకోని కత సెప్పాల. నీకు ఇంగ్లీసు ఏపాటి వచ్చో అక్కడే తేలిపోతాది. వచ్చిందంటే ముహూర్తం పెట్టించేద్దాం. రాలేదంటే మరి నాకు వేరే సంబంధం ఉన్నాది."

నా ఇంగ్లీషు సంగతి మీకు దాచేదేముంది? లెక్చరరు చెప్తుంటే అర్థమైనట్టు తల ఊపడం వరకూ వచ్చు. తెల్లవాళ్లు సినిమాలో మాట్లాడుతుంటే పోపులో ఆవాలు పేలినట్టు వినిపిస్తుంది తప్ప ఒక్క ముక్క చిక్కదు. ఊళ్లో వీధులన్నీ తిరిగాను. అప్పుడు దొరికాడు అప్పన్న. వీడు ఆ సినిమాని కిందటి వారమే విజయనగరంలో చూసొచ్చాట్ట!

"దీనికింత కంగారేటిరా?" అన్నాడు. "ఏ బాస బొమ్మయినా మూడే ముక్కలు. హీరోకి ఏటి కావాల, అడ్డం ఎవుడు, సాయం ఎవుడు. అయి తెలిస్తే సినిమా అంతా తెలిసినట్టే."

మూడు సాయంత్రాలు కూచోబెట్టి బట్టీ పట్టించాడు. హీరోకి కావలసింది ద్వీపం మీద జైల్లో ఉన్న వాళ్ల నాన్న. అడ్డం తుఫాను, తిమింగలం, ఒక గుండువాడు. సాయం తెల్లగడ్డం ముసలాయన. గుండు విలను, గడ్డం మంచివాడు. గుండు విలను, గడ్డం మంచివాడు. నిద్రలో కూడా ఇదే గొణిగానని మా అమ్మ చెప్పింది.

ఆదివారం వచ్చింది. మన హాల్లో ఆడాళ్లకీ మగాళ్లకీ మధ్య నడుమెత్తు గోడ ఉంది కదా. అమ్మమ్మ, అత్త, సరోజ గోడకి అవతల. నేనూ మావా ఇవతల. నేను చెప్పేది గోడ దాటి అమ్మమ్మకి వినిపించాలంటే అరిచి చెప్పాలి. అరిస్తే హాలంతా వింటుంది. ఈ చిక్కు నాకు ముందు తట్టనే లేదు! సరే, బొమ్మ మొదలయ్యేలోపు అమ్మమ్మ జంతికలు అడిగింది. నేను బయటికి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి పేర్లు కూడా అయిపోయి, తెర మీద ఇసక కనిపిస్తోంది.

ఇసక. ఎటు చూసినా ఇసకే. అందులో ఒంటె మీద ఒకడు పోతున్నాడు.

"సత్యం, సెప్పరా," అన్నాడు మావ.

"ఇది సముద్రం ఒడ్డు మావా!" అని అందుకున్నాను. "వాడే హీరో. వాళ్ల నాన్న ద్వీపంలో జైల్లో ఉన్నాడు. ఓడ కోసం పోతున్నాడు. దారిలో తుఫానూ, తిమింగలమూ అడ్డం వస్తాయి."

పది నిమిషాలైంది. ఒంటె నడుస్తూనే ఉంది. గోడ అవతల్నించి అమ్మమ్మ, "ఒరే, ఇదేటి ఒడ్డురా, ఎంతకీ నీళ్లు రావేటి?" అంది.

"పెద్ద ఒడ్డు అమ్మమ్మా! తెల్లవాళ్ల ఒడ్లు అలాగే ఉంటాయి!"

ముందు వరసలవాళ్లు వెనక్కి తిరిగి, "బాబూ, కొంచెం గట్టిగా సెప్పండి, మాకూ తెలుస్తాది," అన్నారు. మావ మీసం సవరించుకుని, "మా మేనల్లుడు. బీయే," అన్నాడు. ఇంకేం! నేను లేచి నిలబడ్డాను.

అప్పుడొచ్చాడండీ తెల్లగడ్డం ముసలాయన. ఉన్నాడు! నా ప్రాణం లేచొచ్చింది. "ఇదిగో, హీరోకి సాయం చేసేది ఈయనే!" అని అరిచాను. హాలంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు ఆగక ముందే ఆ ముసలాయన హీరోని వెనకనించి ఒక్క తోపు తోసి నూతిలో పడేశాడు.

అందరూ తెర వదిలేసి నన్ను చూస్తున్నారు.

"అదేటిరా?" అంది అమ్మమ్మ.

"దాహం వేసింది కదా అమ్మమ్మా, ఎండలో వచ్చాడు. నీళ్ల కోసం దింపాడు."

"దింపడం ఇలాగేటి?"

నా అదృష్టం కొద్దీ గుండువాడు కూడా వచ్చాడు. "వీడే విలను! జాగ్రత్తగా చూడండి!" అన్నాను. వాడొచ్చి నూతిలోకి తాడు వేశాడు. "ఉరి వెయ్యడానికి!" అన్నాను. హీరోని పైకి లాగాడు. "తన చేత్తో చంపుదామని!" అన్నాను. హీరో వాణ్ణి కౌగిలించుకున్నాడు. "హీరో మరీ అమాయకుడు," అన్నాను. పాపం, జనం నమ్మారు. గుండువాడు కనబడ్డప్పుడల్లా ఈలలు, తిట్లు. ఒకాయన తెర మీదకి జంతిక విసిరాడు. అది అమ్మమ్మకి తెచ్చిన జంతికేమో అని కూడా నాకు అనుమానం.

ఇంటర్వెల్లో బయటికొచ్చి సోడా తాగుతున్నాను. చెమటకి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. సోడాలబ్బాయి నవ్వుతూ, "పెట్టె రాకపోయినా వేరే బొమ్మ బాగానే దొరికినాది కదండీ," అన్నాడు.

"ఏ పెట్టె?"

"ఓడ బొమ్మ రీళ్ల పెట్టె రాలేదు కదండీ. ఇది వేరే బొమ్మ. మొదట్లో సలైడు ఏసినారు, సూడలేదేటి?"

సోడా ముక్కులోకి పోయింది. స్లైడు వేసినప్పుడు నేను జంతికల దగ్గరున్నాను! మావకి అక్షరాలు కూడబలుక్కోవాలి, ఆయన రెండో మాట చేరేసరికి స్లైడు పోయుంటుంది. చదివినవాళ్లు చదివారు గానీ, వాళ్లకి ఈ బొమ్మ కథా తెలీదు, ఆ బొమ్మ కథా తెలీదు. బీయే బాబుకి రెండూ తెలుసనుకున్నారు.

ఒప్పేసుకుందామనుకున్నాను. ఒట్టు, నిజంగానే అనుకున్నాను. లోపలికెళ్లేసరికి మావ, ఊరి పెద్దమనుషులు ముగ్గురికి నన్ను చూపిస్తూ, "ఇంగ్లీసు మంచినీళ్లు తాగినట్టు తాగెత్తన్నాడు," అంటున్నాడు. నేనూ మూతి తుడుచుకుని బీయేలా నిలబడ్డాను. గోడ దగ్గర సరోజ నిలబడి ఉంది. మొహం చూస్తే పాలు తాగే పాప.

"బావా, సముద్రం ఎప్పుడొస్తాది?"

"ఇంటర్వెల్ తర్వాత," అన్నాను. తల కిందికి దించుకుని వెళ్లిపోయింది. భుజాలు కదులుతున్నాయి. దగ్గొచ్చిందేమో అనుకున్నాను.

రెండో సగం నన్నడక్కండి. హీరోకి ఏం కావాలో నాకు తెలీదు, ఎవడు అడ్డమో తెలీదు, ఎవడు సాయమో తెలీదు. నాకు ఏం కావాలో మాత్రం తెలుసు, అది గోడ అవతల కూచుని ఉంది. అందుకని ఆపకుండా చెప్పుకుంటూ పోయాను. కోట వస్తే జైలన్నాను. ఇసక తుఫాను వస్తే, "చూశారా, తుఫాను వస్తుందని చెప్పానా లేదా!" అని నేనే చప్పట్లు కొట్టాను. తిమింగలం రాలేదేమని ఒకాయన అడిగితే, సెన్సారువాళ్లు కత్తిరించారన్నాను.

ఆఖర్న ముసలాయన హీరో మీదకి బాణం వేశాడు. గుండువాడు అడ్డంగా దూకి, బాణం తన గుండెలో పెట్టుకుని, హీరో ఒళ్లో తల పెట్టి నవ్వుతూ ప్రాణం వదిలాడు. హాలంతా లేచి ఈలలు! విలను చచ్చాడని తువ్వాళ్లు ఎగరేస్తున్నారు. తెర మీద హీరో వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. "ఆనందంతో!" అని అరిచాను.

అప్పుడు లేచింది మా అమ్మమ్మ. నిప్పు కొస నోట్లో పెట్టుకుని తాగుతున్న అడ్డపొగ చుట్ట తీసి, గోడ మీదనించి వంగి, "ఓలమ్మో, ఆపండర్రా ఈలలు!" అని ఒక్క కేక పెట్టింది. ఆమె కళ్లలో నీళ్లు. "ఒరే సత్యం, నాకు ఇంగ్లీసు రాదు గానీ కళ్లున్నాయి. ఆ గుండోడు మంచోడురా! ఆడు ఈడి కోసం సచ్చిపోతే నవ్వుతారేటి? ఆ గడ్డపోడే దొంగ!"

ఈలలు ఆగిపోయాయి. ఆ తర్వాత ముందు వరసలవాళ్లు మెల్లగా నా వైపు తిరిగారు. మిగతాది మీరు ఊహించుకోండి. ఏ గుమ్మంలోంచి బయటపడ్డానో నాకు గుర్తు లేదు, ఒక చెప్పు మాత్రం లోపలే ఉండిపోయింది.

మావ బస్సు దగ్గరికి విసవిసా నడిచాడు. నేను ఒంటి చెప్పుతో వెనకాల నడుస్తున్నాను. బస్సెక్కబోతూ తిరిగాడు.

"బొమ్మ మారిపోనాదని సరోజ సెప్పింది. మొదట్లోనే సదివిందంట."

"మొదట్లోనేనా? మరి నాకు చెప్పలేదేం?"

"నన్నడుగుతావేటి? దాన్నడుగు." కాసేపు నన్ను ఎగాదిగా చూశాడు. "నీకు ఇంగ్లీసు రాదని తేలిపోనాది. మరి నాకిప్పుడు ఏటి సెయ్యాలో తెలీడం లేదురా. తెలీనిదాన్ని మూడు గంటలు నిలబడి సెప్పినోడివి, రేపు సరోజని ఎలాగేలుకుంటావో ఏటో. ఇంక నాను అడ్డం రాను, సాయం సెయ్యను. పిల్ల ఇష్టం. అది ఊ అంటే ఊ, ఊహూ అంటే ఊహూ. నీకే రాసేయమంటాను."

బస్సు కదిలింది. కిటికీలోంచి సరోజ చూసింది. నవ్విందో, జాలిపడిందో, దుమ్ములో తెలీలేదు. నాలుగు రోజులు గుమ్మంలోనే కూచున్నాను. ఎప్పుడూ లేనిది పోస్టుమానుకి ఎదురెళ్లాను.

ఈ పొద్దున వచ్చింది ఉత్తరం. ఇదిగో, ఇన్లాండు. సరోజ చేతిరాతే. ఊ అందో, ఊహూ అందో మొత్తం ఇందులోనే ఉంది. కానీ ఏం చేసిందో చూడండి: మొత్తం ఇంగ్లీషులో రాసింది! అదీ గొలుసుకట్టు రాత! పైన 'డియర్ బావా' వరకూ వచ్చింది నాకు. కింద సంతకం వచ్చింది. మధ్యలో పదకొండు లైన్లు. పొద్దున్నించీ వెతికితే 'నో' రెండు చోట్ల దొరికింది, 'యస్' ఒక్కచోటే దొరికింది. ఓట్లు లెక్కబెడితే నేను ఓడిపోయినట్టే. కానీ ఆ 'యస్' కింద రెండు గీతలు గీసింది. ఎందుకు గీసినట్టు?

బాబ్బాబు, మీలో ఎవడికైనా ఇంగ్లీషు నిజంగా వస్తే కాస్త చదివి పెట్టండి. మెల్లగా, ఉన్నది ఉన్నట్టు. కథ చెప్పకండి.