లైట్ల సొరంగంలో నా ఎడమ చెయ్యి

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. చిన్నప్పుడు కూడా లేదు. పద్నాలుగేళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. ఎవరైనా వచ్చి "ఒక్కసారే వచ్చింది, మళ్ళీ రావట్లేదు" అంటే దాన్ని బగ్‌గా రాసుకోను. మళ్ళీ చేసి చూపించమంటాను. ఈ సంగతి ఇంకెవరైనా నాకు చెప్పి ఉంటే వాళ్ళనీ అదే అడిగేదాన్ని.

మేము ఇండియా వదిలి వచ్చి అరోరా అనే ఊళ్ళో ఉంటున్నాం. మా ఆయన శ్రీకాంత్ వాళ్ళ అన్నయ్య ఇల్లు మాకు పది నిమిషాల దూరం. బావగారి భార్య వాసంతిని నేను అక్కా అని పిలుస్తాను. వాళ్ళకి పిల్లలు లేరు. మాకు ఒక్కతే కూతురు, నిత్య. ఇది జరిగినప్పుడు దానికి ఆరేళ్ళు.

ముందే ఒప్పేసుకుంటాను. అక్కంటే నాకు అసూయ. ఆవిడ ఉద్యోగం చూసో, ఇల్లు చూసో కాదు, నిత్య వల్ల. నేను గంటసేపు నిలబడి దోసెలు పోస్తే, తినేసి "పెద్దమ్మ దోసెలు క్రిస్పీగా ఉంటాయి" అంటుంది. జ్వరం వస్తే పెద్దమ్మే పక్కన పడుకోవాలి. స్కూల్లో ఫ్యామిలీ బొమ్మ వేయమంటే పెద్దమ్మని మధ్యలో వేసి, నన్ను చివర్లో ఫ్రిజ్ పక్కన నిలబెట్టింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ కాగితాన్ని మాత్రం ఇంటికి తెచ్చి సొరుగు అడుగున పడేశాను.

పిల్లలు లేని మనిషిని చూసి కుళ్ళుకోవడం ఏమిటని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. అయినా నిత్య వెళ్ళి ఆవిడ ఒళ్ళో కూర్చుంటే కడుపు మండేది.

నిజానికి ఆవిడా నేనూ ఒకే ఏడాది కడుపుతో ఉన్నాం. శ్రీమంతం ఇద్దరికీ ఒకే రోజు వాళ్ళ బేస్‌మెంట్‌లో చేశారు. ఆ నెలలో తెలిసినవాళ్ళు ఇండియా నుంచి వస్తుంటే, మా అమ్మకి చెప్పి పుట్టబోయే పిల్లల చేతులకి నల్లపూసల గొలుసులు రెండు జతలు తెప్పించాను. పూసల మధ్య ఒక్కో వెండి మువ్వ. పుట్టకముందే ఏదీ కొనకూడదని మా అత్తగారు ఫోన్‌లో మొత్తుకున్నారు. మళ్ళీ వచ్చేవాళ్ళు ఎప్పుడు దొరుకుతారోనని నేను వినలేదు. నిత్య పుట్టిన మూడు వారాలకి అక్కకి ఎనిమిదో నెలలోనే కాన్పయింది. ఆడపిల్ల. ప్రాణం లేదు. ఆ రెండో జత ఏమైందో నేను అడగలేదు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఆ డిసెంబర్‌లో ఒక శనివారం అందరం కలిసి క్రిస్మస్ లైట్లు చూడ్డానికి వెళ్ళాం. ఒక పెద్ద తోటలో మైలు పొడవునా చెట్లన్నిటికీ లైట్లు చుట్టి, నడవడానికి దారి పెడతారు. అక్కా బావగారూ ప్రతి ఏడూ వెళ్తారు, మేము వెళ్ళడం అదే మొదటిసారి. సాయంత్రం ఐదున్నరకి టికెట్లు దొరికాయి. అప్పటికే బాగా చీకటి పడింది.

కారు దిగగానే నిత్యకి మిట్టెన్లు, అంటే వేళ్ళు విడివిడిగా లేని ఉన్ని గ్లవ్స్, తొడిగాను. ఊరికే పారేసుకుంటుందని ఆ రెండింటినీ ఒక తాడుకి కట్టి, ఆ తాడుని జాకెట్ చేతుల్లోంచి లాగి ఉంచుతాను. ఈ విషయం ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది. తొడగడం అవగానే అది పరుగెత్తి వెళ్ళి పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది.

దారి పొడవునా అదే వరస. "పెద్దమ్మా, లుక్! పెద్దమ్మా, రెయిన్‌డీర్!" ఒక్క చెట్టు దగ్గరైనా నన్ను పిలుస్తుందేమోనని చూశాను. పిలవలేదు. ఫొటోలు తీసే పని నాకు వదిలేశారు. అందుకోసం నా గ్లవ్స్ రెండూ తీసి జేబులో పెట్టుకున్నాను.

దారి చివర ఒక సొరంగం ఉంది. ఇనుప వంపుల నిండా బల్బులు కట్టారు, పాటకి తగ్గట్టు అవి వెలిగి ఆరుతుంటాయి. ఈ చివర నుంచి ఆ చివరికి రెండు మూడు నిమిషాల నడక. శ్రీకాంత్, బావగారు ముందే అవతలికి వెళ్ళిపోయారు. వాళ్ళ వెనకే నిత్య అక్కని లాక్కుని లోపలికి దూరింది. సొరంగం బయట నేను ఒక ఫొటో తీసుకుని, జనంతో పాటు లోపలికి అడుగుపెట్టాను. లైట్లన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. అందరూ ఓ అని అరిచారు. అప్పుడు నా ఎడమ చేతిలోకి ఒక చిన్న చెయ్యి వచ్చింది.

నిత్యే, చీకటికి భయపడి నా దగ్గరికి వచ్చింది అనుకున్నాను. భయం వేస్తే అమ్మే గుర్తొచ్చింది కదా అని ఎంత పొంగిపోయానో చెప్పలేను. కిందకి చూడలేదు. చూస్తే వదిలేస్తుందేమోనని అనిపించింది. వేళ్ళు వెచ్చగా ఉన్నాయి. మణికట్టు దగ్గర పూసలు, వాటి మధ్య గుండ్రంగా ఏదో ఒకటి నా వేలికి తగిలాయి. స్కూల్లో చేసుకున్న బ్రేస్‌లెట్ అనుకున్నాను.

లైట్లు వెలుగుతూ ఆరుతూ ఉన్నా నేను తల దించలేదు, సగం దూరం అలాగే నడిచాం. అంతటితో ఊరుకోవాల్సింది. నేను ఊరుకోలేదు. కొంచెం వంగి, "ఇంక ఆవిడ దగ్గరికి పోకు. నా దగ్గరే ఉండు, సరేనా?" అన్నాను. సరదాగా అన్న మాట కాదది.

ఆ చెయ్యి ఒక్కసారి బిగుసుకుంది. తర్వాత వదిలేసింది.

మళ్ళీ లైట్లు వెలిగాయి. పక్కన పిల్ల లేదు. నిత్యా, నిత్యా అని అరుస్తూ జనాన్ని తోసుకుంటూ బయటికి పరుగెత్తాను. అవతల బెంచీ మీద నిత్య హాట్ చాక్లెట్ తాగుతోంది. రెండు చేతులకీ మిట్టెన్లు ఉన్నాయి. నా చేతిని పట్టుకున్నవి ఉత్తి వేళ్ళు.

"అమ్మా, యూ ఆర్ సో స్లో!" అంది.

"లోపల పరుగే పరుగు. ఒక్క క్షణం నా చెయ్యి వదిలితే ఒట్టు" అంది అక్క.

తర్వాత ఫోన్లు చూశాం. వాళ్ళిద్దరూ బయటికి వస్తుంటే శ్రీకాంత్ తీసిన ఫొటో, నేను లోపలికి వెళ్ళబోతూ తీసుకున్న ఫొటో ఒకే నిమిషంలో తీసినవి. వేరే పిల్లెవరో పొరపాటున నీ చెయ్యి పట్టుకుని ఉంటుందన్నాడు శ్రీకాంత్. అంతే అయి ఉంటుందని నేనూ అనుకున్నాను. గేటు దగ్గర అడిగితే, పిల్ల తప్పిపోయిందని ఎవరూ చెప్పలేదన్నారు.

భోజనాలకి అక్కవాళ్ళింటికి వెళ్ళాం. వంటింట్లో నవ్వుతూనే చెప్పాను, ఎవరి పిల్లో నన్ను వాళ్ళమ్మ అనుకుందని. చేతికి ఏవో పూసలు కూడా ఉన్నాయని, మధ్యలో మువ్వలాంటిది తగిలిందని అన్నాను. నా నోటితో మువ్వ అన్నాక గానీ నాకే తట్టలేదు. నవ్వు ఆగిపోయింది.

అక్క గరిటె కింద పెట్టి మేడ మీదికి వెళ్ళింది. చిన్న డబ్బా తెచ్చి నా ముందు తెరిచింది. రెండో జత. దారం రంగు కూడా మాయలేదు. ఒక గొలుసు తీసి కళ్ళు మూసుకుని వేలితో తడిమాను. అదే. నిత్య చేతికైతే ఆ గొలుసు ఎక్కనే ఎక్కదు.

"ఏ చేతిని పట్టుకుంది?" అని అడిగింది అక్క.

"ఎడమ చేతినక్కా."

"నాకు డెలివరీ డేట్ డిసెంబర్‌లోనే ఇచ్చారు కదా. ఆ ఏడు ఇంట్లో ఉండలేక అక్కడికి వెళ్ళాం. అప్పట్నుంచి ప్రతి ఏడూ మీ బావగారిని ముందు పంపించేసి, ఆ టన్నెల్లో ఒక్కదాన్నే చెయ్యి ఇలా వదిలేసి నడుస్తా. పిచ్చిదాన్ని అనుకోకు. ఈసారే నిత్య లాక్కుపోయింది." నా చేతిలోంచి గొలుసు తీసుకుని డబ్బాలో పెట్టి, "నాకు ఒక్కసారి కూడా రాలేదే" అంది.

ఆవిడ నా ఎడమ చేతి వంకే చూస్తోంది. ఆ చూపు నాకు బాగా తెలుసు. నిత్య పట్టుకున్న ఆవిడ చేతిని నేను ఆరేళ్ళుగా అలాగే చూస్తున్నాను.

"దానితో ఏమన్నా మాట్లాడావా?" అని అడిగింది.

"లేదక్కా" అన్నాను.

మరుసటి ఏడు మళ్ళీ వెళ్ళాం. పట్టుబట్టి అదే ఐదున్నర టికెట్లు తీయించాను. నిత్యని నా దగ్గర ఉంచుకుని అక్కని ఒంటరిగా నడవనిచ్చాను. ఆవిడ బయటికి వచ్చి, చలికి ఎర్రబడిన చేతిని జేబులో పెట్టుకుని, తల అడ్డంగా ఊపింది. నిత్యని ఆవిడకి అప్పగించి, అప్పుడు నేను వెళ్ళాను. గ్లవ్ తీసేసి, ఎడమ చెయ్యి వదిలేసి నడిచాను. లైట్లు ఆరినప్పుడల్లా "ఆవిడ దగ్గరికి వెళ్ళమ్మా, వెళ్ళు" అని మెల్లగా అన్నాను. చివరిదాకా నా చెయ్యి ఖాళీగానే ఉంది.

అదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరైనా మళ్ళీ చేసి చూపించమంటే చూపించలేను. అక్క ఈ ఏడు కూడా టికెట్లు తీసింది. ఆ రోజు సొరంగంలో నేనేం అన్నానో ఆవిడకి ఇంకా చెప్పలేదు.