ఎవరి మనిషివి?

ఒకరు చూపించిన పనిని, ఆ చూపించినవాళ్లను దాటేసి, నేరుగా వెళ్లి పట్టుకోవడం తెలివా, దొంగతనమా? వెంటనే జవాబు చెప్పకండి. ఒకప్పుడు వెంటనే చెప్పినవాణ్ణి గనకనే అడుగుతున్నాను.

మొన్న జగిత్యాలలో మా అక్క మనుమరాలు ఈ ప్రశ్నతోనే నా ముందు కూర్చుంది. ఉద్యోగాలు చూపించే కన్సల్టెన్సీలో ఒకావిడ ఈ పిల్లతో ఓపికగా మాట్లాడి, బయోడేటా దిద్దించి, ఇంటర్వ్యూలో ఏమడుగుతారో కూడా చెప్పిందట. కంపెనీ పేరు మాత్రం దాచింది. ఈ పిల్ల ఫోన్లో వెతికి ఆ పేరు పట్టేసింది. "నేనే డైరెక్ట్ అప్లికేషన్ పెట్టుకుంట తాతా. నడుమల గామె ఎందుకు? అయ్యగారి మంత్రాలు లేకుంటనే మా అమ్మ పెండ్లి చేసినోనివి, నువ్వు గూడ వద్దంటవా?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నా తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో 'నడుమ' అనే మాట వింటేనే మాకు ఒళ్లు మండేది. దేవుడికీ మనిషికీ నడుమ పూజారి, పంటకూ బజారుకూ నడుమ దళారి, కూలికీ పనికీ నడుమ మేస్త్రి, వీళ్లందరినీ ఒకే గాటన కట్టి, కోరుట్లలో సాయంత్రాలు జరుపుకునే హేతువాద చర్చల్లో చీల్చి చెండాడేవాణ్ణి. దుబాయి ఏజెంట్లు ఆ వరుసలో కొత్తగా చేరారు. వీసాల పేరు చెప్పి ఊళ్లను ముంచినవాళ్లు వాళ్లలో చాలామందే ఉన్నారు, నా కోపం గాలిలోంచి పుట్టింది కాదు.

అప్పుడే మా వైపు ఇబ్రహీంపట్నం దగ్గర పసుపు పండించే మా బావ, అంటే ఈ పిల్ల తాత, బోరు ఎండిపోయి, గల్ఫ్ పోతానన్నాడు. ఆయనకు దారి చూపించింది సిరిసిల్ల నుంచి వచ్చే ఒక ఏజెంటు. మరమగ్గాల మీద పనిచేసి, తానూ కొన్నేళ్లు మస్కట్‌లో ఉండి వచ్చి, మనుషులను బొంబాయి ఆఫీసుకు తీసుకెళ్లి చూపించే పని పెట్టుకున్నాడు. అక్క ఆయన్ని అన్నా అని పిలిచేది. స్లాబుకు చెక్కలు బిగించే సెంట్రింగ్ పని వస్తే సీటు ఉందని చెప్పి, జగిత్యాలలో కడుతున్న ఒక బిల్డింగు దగ్గర మేస్త్రీని తానే బతిమాలి బావను పనిలో నిలబెట్టాడు. అప్పుడప్పుడూ వచ్చి చూసి, "బావా, మేకులు గిట్ల వంకర గొడితే అరబ్బోడు తిట్టేది నిన్ను గాదు, నన్ను" అనేవాడు. మమ్మల్ని నమ్మి కంపెనీ పేరూ, దాని మనుషులు బొంబాయికి ఎప్పుడు వస్తారో, ఆఫీసు ఏ సందులో ఉందో అన్నీ చెప్పేశాడు.

నాకు కావలసింది అంతే. ఇక ఆయనెందుకని బావకు నూరిపోశాను. "పని నేర్పినోడు గదనే" అని బావ గొణిగాడు. కృతజ్ఞత పేరుతో బానిసత్వం మోయొద్దని ఆయనకొక ఉపన్యాసం ఇచ్చి, బావకు మనసు మారింది, రావడం లేదు అని ఏజెంటుకు కబురు పంపి, హిందీ వచ్చినవాణ్ణి గనక నేనే వెంట బయల్దేరాను.

ఆఫీసు వరండాలో బల్ల వెనక కూర్చున్న గుమస్తా బావను ఒకటే అడిగాడు: "కిస్‌కా ఆద్మీ హై?" ఎవరి మనిషివి? మా వైపు వాళ్లకు ఆ మాట ఎక్కడ తగులుతుందో వేరే చెప్పనక్కరలేదు. ఫలానా దొర మనిషి, ఫలానా గడీ మనిషి అనిపించుకున్న తాతల మనుమలం. బావ నా మొహం చూశాడు. ఈయన ఎవరి మనిషీ కాడు, తనకు తానే మనిషి అని నేను గుమస్తాకు తలెత్తి చెప్పాను. అంత గొప్ప వాక్యం ఏ సభలోనూ నా నోట రాలేదనుకున్నాను.

అక్కడ ఆ మాటకు అర్థం వేరు. నిన్ను ఎవరు తెచ్చారు, నీ పనికి ఎవరు పూచీ అని మాత్రమే. అలాంటి జవాబుల మీదే ఒక ఏజెంటు పేరు నిలుస్తుంది, లేదా పోతుంది. నేరుగా వచ్చినవాడని గుమస్తా బావ పేరు రాసుకున్నాడు. వెనక బెంచీ మీద సిరిసిల్ల ఆయన మరో ఇద్దరిని వెంటబెట్టుకుని కూర్చుని ఉన్నాడు. గుమస్తా అటు తిరిగి, ముగ్గురిని తెస్తానన్నావే, సెంట్రింగ్ వాడేడీ అని కసురుకున్నాడు. ఆయన బావను చూశాడు, నన్ను చూశాడు. "రాలే సాబ్" అన్నాడు. మాట నిలబెట్టుకోలేనివాడు మళ్లీ ఈ గడప తొక్కనక్కరలేదని గుమస్తా అందరి ముందూ అంటుంటే తల వంచుకుని విన్నాడు. నన్ను దాటేసి వచ్చినవాడు వీడే అని ఒక్క వేలు చూపిస్తే మా పని అక్కడే ఆగిపోయేది. బయటికొచ్చాక బావ భుజం మీద చెయ్యి వేసి, "పైకెక్కినప్పుడు బెల్టు పెట్టుకో బావా, మర్వకు" అన్నాడు. నా పక్కనుంచి సందులోకి నడిచి వెళ్లిపోయాడు.

బావ వెళ్లాడు, నాలుగు రాళ్లు వెనకేసుకున్నాడు. ఆ ఏజెంటు సిరిసిల్లలో మళ్లీ మగ్గాల పనికి పోయాడు. కోరుట్లలో నా వాక్యానికి చప్పట్లు కొట్టారు, కొన్ని ఊళ్లలో దాన్ని చెప్పుకుని మరికొందరు తమకు దారి చూపినవాళ్లను దాటేశారు. సెలవుకు వచ్చినప్పుడల్లా బావ సిరిసిల్ల పోదామనేవాడు, నాకు సభలున్నాయనేవాణ్ణి. వెళ్లే ధైర్యం వచ్చేసరికి ఆ ఏజెంటు బతికి లేడు. రుజువు లేనిదే దేన్నీ నమ్మవద్దని ఊరూరా చెప్పినవాణ్ణి, ఆ మనిషి మోసగాడనడానికి ఒక్క రుజువైనా వెతకలేదు. ఏజెంటు అన్న పేరే చాలనుకున్నాను. కులం పేరుతో మనుషులను కొలిచేవాళ్లను తిట్టిన నోరే ఇది.

ఇదంతా విని మనుమరాలు ఫోను పక్కన పెట్టింది. "గామెకు చెప్తే ఒప్పుకోదు తాతా" అంది. ఒప్పుకోకపోతే వాదించు, వాదన మన ఇంటి విద్యే కదా అన్నాను.

ఇప్పుడు రోజులు మారాయి. బొంబాయి రైలెక్కే పని లేదు, మనం దాటిపోయిన మనిషి మొహం చూడాల్సిన బాధా లేదు. ఎంత హాయి అనిపిస్తుంది, ఆ హాయిని చూస్తేనే నాకు భయం. నేరుగా వెళ్లే హక్కు మీకుంది, మీ అంతట మీరు తెలుసుకున్న పనికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఒకరి దగ్గర విని, నేర్చుకుని వెళ్తున్నప్పుడు మాత్రం దొడ్డిదారిన పోకండి. ఈ పూటే ఆ మనిషికి ఫోన్ చేయండి. వాళ్ల ద్వారా వెళ్తారో, వెళ్లరో, ఎందుకు వెళ్లరో సూటిగా చెప్పండి. ఆ తర్వాతే దరఖాస్తు పెట్టండి.