నిచ్చెన మీది బంతిపూల దండ

నా చిన్నప్పుడు మేం మూసాపేటలో ఉండేవాళ్లం, పిల్లలూ. అక్కడి ఒక ఇనుప కార్ఖానాలో మా నాయన ఫిట్టరు. దసరాకి ముందు రోజు ఆయుధపూజకి ఇంటివాళ్లను కూడా లోపలికి రానిచ్చేవారు. మిషన్లకి బొట్లు పెట్టి బంతిపూల దండలు చుట్టేవారు. పైకప్పు కింద తిరిగే క్రేన్ దగ్గరికి ఎక్కే ఇనుప నిచ్చెనకి కూడా పైనుంచి కిందిదాకా దండే. వేసిన దండ దానంతటదే వాడి రాలాలి, చేత్తో తీయకూడదని పెద్దల మాట.

ఒక ఏడు పండగ మర్నాడు, క్రేన్‌కి గ్రీజు పెట్టడానికి పక్కింటి మామ ఆ నిచ్చెన ఎక్కాడు. నలిగిన పూల మీద కాలు జారి కింద పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ తుంటి విరిగింది. ఆ పని మా నాయన మీద పడింది. ఇక రోజూ ఆయన ఇంటికి వచ్చేదాకా మా అమ్మ గడపలోనే కూర్చునేది. పక్కన నేను.

మళ్లీ ఆయుధపూజ వచ్చింది. హారతి కాగానే నాయన వెళ్లి నిచ్చెనకున్న దండ విప్పడం మొదలుపెట్టాడు. అందరిలోకి పెద్దవాడైన మేస్త్రీ ఊరుకోలేదు.

"ఏందిరా గిది? అమ్మవారికి కోపమొస్తది."

"కోపమొస్తే కాళ్లు మొక్కుత కాకా. రేపు నేను జారితే నువ్వొచ్చి పట్టుకుంటవా?"

చేతికర్ర మీద నిలబడ్డ పక్కింటి మామ అందుకున్నాడు. "యాడ పట్టుకుంటడు? నేను పడ్డనాడు మిగిలిన ప్రసాదం తింటుండె."

అందరూ నవ్వారు. మేస్త్రీ కాసేపు గొణిగాడు. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి తానే కింది మెట్లు తుడిచాడు. నాయన దండను నా చేతుల్లో పెట్టి అమ్మవారి పటం ముందు పెట్టి రమ్మన్నాడు.

పండగ మర్నాడు నాయన క్రేన్ ఎక్కాడు. ఆ సాయంత్రం అమ్మ గడపలో లేదు. పొయ్యి దగ్గర రొట్టెలు చేస్తోంది.

ఇప్పుడు రాయదుర్గంలో మా బాల్కనీ ఎదురుగా, తాళ్లకు వేలాడుతూ మేడల అద్దాలు తుడిచేవాళ్లను చూస్తే నా చూపు ముందు వాళ్ల కాళ్ల మీదికే పోతుంది. దసరాకి మీరు కార్లకి దండలు వేసి ఫోటోలు పంపుతారు కదా, చూసి మురిసిపోతాను. బండి తీసే ముందు మాత్రం ఆ దండ మీ చేత్తోనే విప్పి దేవుడి ముందు పెట్టండి. అమ్మవారు ఏమీ అనుకోదు. మా నాయన ఆ నిచ్చెన ఎక్కి దిగుతూనే ముసలివాడయ్యాడు.