ఆ పిల్లాడి గొంతు

జపాన్ కార్టూన్ ఒకదానిలో పదేళ్ల పిల్లాడికి నలభై ఏళ్లుగా గొంతు ఇస్తున్నది ఒక ముసలావిడ. తెలుగులో వాడి గొంతు నాది. ఆవిడ రుషికొండలో పిల్లల వేడుకకు వస్తే ఇద్దరినీ ఒకే వేదిక ఎక్కించారు.

మైకు ముందు ఆవిడ చెప్పులు విప్పి, మునివేళ్ల మీద లేచి, వాడి గొంతుతో అమ్మను పిలిచింది. మాట అర్థం కాకపోయినా పిల్లలంతా కేరింతలు కొట్టారు.

"ఆ మామ్మ సేత్తే నిజంగా పిల్లోడేనమ్మా!" అని ముందు వరసలోంచి అరిచింది నా కూతురు. నాకు ఒళ్లు మండింది.

నా వంతు రాగానే పంతంగా పిలిచాను. ఆవిడ కళ్లు మూసుకుని విని, నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పింది.

"ఈ ఏడాదితో మానేత్తన్నారంటండీ. ఆ పిల్లోణ్ని ఇంక మీరే సూసుకోవాలంటండీ," అంది దుబాసీగా వచ్చిన అమ్మాయి.

నేనైతే వాణ్ని ఎవరి చేతిలోనూ పెట్టలేను. ఆవిడ గొంతుకన్నా ఆ మనసు చూసి ఎక్కువ కుళ్లుకున్నాను.