మిక్సరుకు కుట్టిన లంగా

కరెంటు తీగలకు పైన తొడిగే ప్లాస్టిక్‌ను తయారుచేసే కార్ఖానా అది. అందులో మిక్సింగ్ గదిలో పనిచేసే ఆమెను అందరూ పిండక్క అనేవాళ్లు. షిఫ్టు దిగి బయటికి వచ్చేసరికి కనుబొమల దగ్గర్నుంచి చెప్పుల దాకా తెల్లగా ఉండేది మరి. గేటు దగ్గర కాపలాదారు, "ఏం పిండక్కా, ఇవాళ గట్టిగానే రుబ్బినట్టున్నావే!" అని వేళాకోళమాడితే, "నిన్నూ వేసి రుబ్బుదామనుకున్నా, మిక్సరులో పట్టవని ఊరుకున్నా" అనేసి నవ్వుకుంటూ వెళ్లిపోయేది.

ఆ తెలుపు పిండిది కాదు. ప్లాస్టిక్‌కు నిప్పంటుకున్నా మంట పాకకుండా ఆపడానికి కలిపే పొడిది. బస్తా మీద ఆంటిమొనీ ట్రైఆక్సైడ్ అని రాసి ఉండేది. అంత పేరు నోరు తిరగక పనివాళ్లు దాన్ని తెల్లమందు అనేవారు. బస్తా మూతి కోసి మిక్సరు నోట్లో గుమ్మరించగానే గుప్పున లేచి, గదంతా కమ్ముకుని, తీరుబడిగా నేలకు దిగేది. ముక్కుకు కట్టుకోమని ఇచ్చిన పల్చటి గుడ్డ ఉక్కపోతకు గడ్డం కిందికి జారిపోయేది. పని అయ్యాక నేలంతా చీపురుతో ఊడ్చి, ఎయిర్ పైపుతో ఒకరి బట్టల మీద ఒకరు గాలి కొట్టుకుని దులుపుకునేవారు. ఆ గాలి ఒంటికి చల్లగా తగులుతుంటే ప్రాణం లేచొచ్చినట్టుండేదట.

ఇంట్లో ముందు గదే ఆమె భర్త కుట్టుమిషను కొట్టు. ఆయన మాటలు తక్కువ మనిషి. ఆ లోటు తీర్చడానికా అన్నట్టు అత్తగారు రోజంతా మాట్లాడుతూనే ఉండేది. కోడలి పని బట్టలు ఉతికేది కూడా ఆమే. ఇదేం చోద్యమని ఇరుగుపొరుగు అంటే, "అది రోజంతా బస్తాలు మోసి వస్తుంది. నేను రోజంతా మీ మొహాలు చూస్తూ కూర్చుంటాను. ఓపిక ఎవరికి మిగులుతుందో మీరే చెప్పండి" అని వాళ్ల నోరు మూయించేది. ఉతికేటప్పుడు నడుము నొప్పి పుట్టకుండా కింద వేసుకుని కూర్చోమని పిండక్క కార్ఖానా నుంచి ఖాళీ బస్తాలు కూడా తెచ్చి ఇచ్చింది.

ఎండలు ముదిరాక అత్తగారి మోచేతుల దాకా ఎర్రటి పొక్కులు లేచాయి. దురదకు రెండు చేతులూ ఒకదానితో ఒకటి రుద్దుకుంటూ తిరిగేది. సబ్బు పడలేదనుకుని సబ్బు మార్చారు. మళ్లీ మార్చారు. వీధి చివరి దుకాణంలో ఉన్న సబ్బులన్నీ అయిపోయాక, కోడలు ఒక పూట సెలవు పెట్టి ఆమెను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది.

డాక్టరమ్మ అత్తగారి చేతులు తిప్పి తిప్పి చూసి, తల ఎత్తి పిండక్క వైపు చూసింది. "నువ్వెందుకమ్మా ఇంత వేడిలో పొడుగు చేతుల జాకెట్టు వేసుకున్నావ్? ఒకసారి పైకి మడువు."

పిండక్క మొహమాటపడుతూ మడిచింది. మోచేతి మడతల్లో, మెడ చుట్టూ అవే పొక్కులు. చెమట పొక్కులనుకుని ఎవరికీ చెప్పలేదు.

"ఇంట్లో మీ ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నదేమిటి?" అని అడిగింది డాక్టరమ్మ.

"మా అబ్బాయేనమ్మా" అంది అత్తగారు తడుముకోకుండా.

డాక్టరమ్మ నవ్వాపుకోలేకపోయింది. తర్వాత ఏం పని, ఏం పొడి, బట్టలు ఎవరు ఉతుకుతారు అని ఒక్కొక్కటే అడిగి, విషయం బోధపరిచింది. చెమట పట్టిన ఒంటి మీద ఆ పొడి నిలిస్తే ఇలాగే పొక్కులొస్తాయి, దూరం పెడితే తగ్గుతాయి. "చర్మం గురించి నాకు బెంగ లేదు. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులకు మంచిది కాదు, అదీ నా బెంగ. కార్ఖానాలో భద్రత చూసే ఆఫీసరు ఉంటారు కదా, వాళ్లని అడుగు."

ఇంటికి రాగానే పిండక్క ఉతికే చోట పరిచిన బస్తాల మీద నీళ్లు గుమ్మరించి, పొడి లేవకుండా చుట్టి, కవర్లో కట్టేసింది. తర్వాత గడప మీద కూలబడింది. "రోజూ నేనే మోసుకొచ్చి మీ చేతుల్లో పెట్టానత్తయ్యా. రేపట్నుంచి పనికి వెళ్లను" అంది.

అత్తగారు చేతులకు మందు రాసుకుంటూ తేలిగ్గా అంది. "నువ్వు మానేస్తే ఆ మిక్సరు ఆగిపోతుందా? నీ చోట ఇంకొకత్తె వచ్చి నిలబడుతుంది. దానికీ ఇంట్లో ఒక అత్త ఉంటుంది. ఆవిడకి నా అంత ఓర్పు కూడా ఉండదు. వెళ్లి అడుగు ముందు."

మర్నాడు సూపర్‌వైజరును అడిగింది. చెడ్డవాడేం కాదు గానీ, కాళ్ల కింద నిప్పులున్నట్టు తిరిగే మనిషి. "పొడి అన్నాక ఎగరదా అక్కా?" అనేసి వెళ్లిపోయాడు. పిండక్క నేరుగా మేడ మీదికి, భద్రత చూసే ఆఫీసరమ్మ గదికి వెళ్లింది. ఆ మేడ ఎక్కడం ఆమెకు అదే మొదలు. కొత్తగా చేరిన ఆఫీసరమ్మ అంతా విని, "పొడిని లాగేసే సక్షన్ మోటారు కావాలని నేనూ అడుగుతున్నాను. పైవాళ్లు చూద్దాం చూద్దాం అంటున్నారు. నువ్వు తోడుంటే కొలిచి చూపిద్దాం" అంది. పిండక్క మెడ దగ్గర గాలిని పీల్చే చిన్న పరికరం తగిలించి, షిఫ్టంతా తనూ మాస్కు వేసుకుని పక్కనే నిలబడింది. ఫలితం వచ్చాక ఆ కాగితం చూసి పైవాళ్లు చూద్దాం అనడం మానేశారు. గాలిలో పొడి ఉండాల్సిన దానికి మించి చాలా ఉంది.

ఆ వారంలోనే ఆఫీసరమ్మ ఆమెను పరీక్షల గదికి తీసుకెళ్లింది. అక్కడి అమ్మాయి తెల్లమందు కలపని ప్లాస్టిక్ పట్టీకి చిన్న దీపంతో మంట అంటించింది. అది భగ్గున మండి, నల్లటి పొగ కక్కింది. తెల్లమందు కలిపిన పట్టీకి అంటించి దీపం పక్కకు తీయగానే మంట దానంతటదే ఆరిపోయింది. ఇన్నేళ్లుగా ఆ పొడి పోస్తున్నా పిండక్క ఈ ముచ్చట చూడలేదు.

"అయితే ఇది మంచిదే కదమ్మా! ఎన్ని కొంపలు అంటుకోకుండా కాపాడుతోందో."

"మంచిదే. ప్లాస్టిక్‌లో కలిసిపోయి కూర్చున్నంతసేపూ మంచిదే. గాల్లో తిరిగితేనే పేచీ. మాస్కు ఆఖరి ఉపాయం. అసలు పొడి లేవకుండా చెయ్యాలి" అంది ఆఫీసరమ్మ.

చీపురు పోయి, సన్నటి పొడిని కూడా పట్టుకునే వాక్యూమ్ యంత్రం వచ్చింది. ఎయిర్ పైపుతో బట్టలు దులుపుకోవడం మానిపించారు. పని బట్టలు కార్ఖానాలోనే విడిచి, స్నానం చేసి, ఇంటి బట్టలు కట్టుకుని వెళ్లాలి. చేతులు కడగందే మంచినీళ్ల గ్లాసు కూడా ముట్టకూడదు. ముఖానికి అతుక్కుని కూర్చునే మాస్కులు తెప్పించారు. సక్షన్ మోటారు కూడా బిగించారు. అయినా బస్తా వంచే చోట పొడి ఇంకా చిమ్ముతూనే ఉంది.

ఈ సంగతి ఇంట్లో చెబుతుంటే, మిషను తొక్కుతున్న భర్త కాలు ఆపాడు. "ఎక్కడ్నుంచి చిమ్ముతుంది?"

"బస్తా మూతికీ మిక్సరు నోటికీ మధ్య సందులోంచి."

"ఆ సందుకు గుడ్డ తొడిగితే?"

కొలతలు తెమ్మన్నాడు. దొరికిన కాటన్ గుడ్డతో పొడుగాటి గొట్టంలా కుట్టి, పైనా కిందా బొందులు దూర్చాడు. మొదటిసారి కట్టి పోస్తే, జల్లెడలోంచి దిగినట్టు గుడ్డలోంచే పొడి కారింది. అందరూ నవ్వారు. సూపర్‌వైజరు, "మిక్సరుకు లంగా కుట్టించావా అక్కా?" అన్నాడు. పిండక్కకు ఉడుకుమోత్తనం వచ్చింది గానీ, ఆఫీసరమ్మ మాత్రం గుడ్డ పట్టుకుని నలిపి చూసి, "ఐడియా బాగుంది, గుడ్డే బాగాలేదు" అంది. సక్షన్ సంచులకు వాడే దట్టమైన గుడ్డ తెప్పించి ఇచ్చింది. దాంతో భర్త మళ్లీ కుట్టాడు. ఫిట్టరు సక్షన్ గొట్టాన్ని సరిగ్గా దాని పక్కకు జరిపాడు. బస్తా మెడకు పై బొందు, మిక్సరు నోటికి కింది బొందు బిగించి, బయటికి వదిలిన బస్తా మూతి దారం కొస లాగారు. లోపల పొడి జారుతున్న చప్పుడే గానీ బయట గాలి తేటగా ఉంది. పక్క మిక్సరు దగ్గర పనిచేసే వదినమ్మ, "నా మిక్సరుకూ ఒక లంగా కుట్టించవే" అంది. అలా దానికి లంగా అనే పేరే ఖాయమైపోయింది.

కొంతకాలానికి ఒకరోజు పొద్దున్నే సక్షన్ మోటారు ఆగిపోయింది. సరుకు కోసం లారీ వచ్చి నిలబడి ఉంది. సూపర్‌వైజరు చెమటలు కక్కుతూ వచ్చాడు. "ఈ ఒక్కపూట పాత పద్ధతిలో పోసెయ్ అక్కా."

పిండక్క చేతిలో బొందు వదల్లేదు. "మోటారు బాగయ్యాక పోస్తానయ్యా."

"లారీ వెళ్లిపోతే పూచీ ఎవరిది?"

"రేపు నీ ఆవిడ చేతులకి పొక్కులొస్తే పూచీ ఎవరిది? నీ చొక్కా కూడా ఇంట్లో ఎవరో ఒకరు ఉతకాలి కదా?"

సూపర్‌వైజరు తన చొక్కా వైపు చూసుకున్నాడు. వదినమ్మ తన బస్తా కింద దించేసి వచ్చి పిండక్క పక్కన నిలబడింది. చివరికి సూపర్‌వైజరే పరుగెత్తి ఫిట్టరును వెంటబెట్టుకొచ్చాడు. మధ్యాహ్నానికి మోటారు తిరిగింది, సాయంత్రానికి లారీ కదిలింది. కొంప మునగలేదు.

ఆ ఏడు అందరికీ ఛాతీ ఎక్స్‌రే తీయించారు. పిండక్క ఊపిరితిత్తులు ప్రస్తుతానికి శుభ్రంగా ఉన్నాయనీ, ఏటా చూపించుకోవాలనీ చెప్పారు. పొక్కులు అత్తాకోడళ్లిద్దరికీ మానిపోయాయి. అత్తగారికి మాత్రం కొత్త చిక్కు వచ్చి పడింది. ఉతకడానికి బట్టల్లేక పొద్దు గడవక, కొడుకు కొట్టులో కూర్చుని వచ్చినవాళ్లందరికీ లంగా కథ చెప్పడం మొదలుపెట్టింది. చెప్పిన ప్రతిసారీ మిక్సరు ఇంకాస్త పెద్దదయ్యేది.

పొడికి బదులు దాన్ని ముందే ప్లాస్టిక్‌లో కలిపి చేసిన గింజలు ఒక లైనుకు వచ్చాయి. అవి ఎగరవు. మిగతా లైన్లకూ తెప్పిస్తామన్నారు. ఈలోగా కంపెనీ రెండో కార్ఖానాలో బొందులు కట్టడం నేర్పమని పిండక్కను పంపారు. కొత్త ముఖాల ముందు నిలబడింది. ఏం చెప్పాలో తోచక, లంగా తీసి మిక్సరుకు కట్టడం మొదలుపెట్టింది. అంతలో వెనక బుస్సుమని చప్పుడు. ఒక పెద్దాయన ఎయిర్ పైపుతో చొక్కా దులుపుకుంటున్నాడు.

"బాబాయ్, ఒక్క నిమిషం" అంది పిండక్క. "అది పక్కన పెట్టి ఇలా రండి. ఈ బొందు మీరు లాగండి, గట్టిగా."

ఆయన పైపును మేకుకు తగిలించి, చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చాడు.